ఆ చీటీని విమానం ఎక్కించండి

సౌదీలో పుట్టిన మన పిల్లలకు మాట రావాలంటే ముందు చెవి తెరుచుకుని ఉండాలి. అది తెరుచుకుందో లేదో పుట్టిన రెండు రోజుల్లోనే చెప్పే పరీక్ష ఉంది. దాని ఫలితం బిడ్డతోపాటు ఊరు చేరుతోందా?

అరచేతిలో పట్టేంత కాగితం. పైన తల్లి పేరు, ఆసుపత్రి ఫైలు నంబరు, తేదీ, సమయం. కింద రెండు గడులు, ఒకటి కుడి చెవికి, ఒకటి ఎడమ చెవికి. ఒక్కో గడిలో ఒక్కో మాట ఉంటుంది: 'పాస్' లేదా 'రిఫర్'. పక్కన సన్నని గీతలతో చిన్న గ్రాఫు. అప్పుడే పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష చేసే యంత్రం ఇచ్చే చీటీ ఇది. కొన్ని ఆసుపత్రులు దీన్ని విడిగా చేతికిస్తాయి. కొన్ని డిశ్చార్జి కాగితాల్లో ఒక వరుసగా రాసి ఊరుకుంటాయి. ఇంకొన్నిచోట్ల ఫలితం కంప్యూటర్లోనే ఉండిపోతుంది, అడిగితే తప్ప బయటికి రాదు.

సంపాదకులు నాకు అప్పగించిన విషయం ఇది కాదు. మార్చి 3 ప్రపంచ వినికిడి దినం వస్తోంది, సౌదీలో పుట్టి పెరిగే తెలుగు పిల్లలకు మాటలు ఎలా వస్తున్నాయో రాయమన్నారు. ఇంట్లో తెలుగు, పక్క ఫ్లాట్‌లో ఉర్దూ, దుకాణంలో అరబ్బీ, ఆసుపత్రిలో ఇంగ్లిష్. ఇన్నిటి మధ్య పసిబిడ్డ ఏ భాష పట్టుకుంటుందన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్న వెంట వెళ్తుంటే ఈ చీటీ దగ్గర ఆగిపోయాను. ఎన్ని భాషలన్నది తర్వాత చూసుకోవచ్చు. ఏ భాషైనా లోపలికి వెళ్లే తోవ తెరిచి ఉందా అన్నది ముందు తేలాలి. అందుకే ఈ కథనంలో ఎక్కువ చోటు ఆ చీటీకే ఇచ్చాను.

చెవి పలుకుతుంది

బిడ్డ పుట్టి ఒకటి రెండు రోజులై ఉంటుంది. పాలు తాగి నిద్రలోకి జారుకునే వేళ చూసుకుని నర్సు వస్తుంది. ఫోనంత యంత్రం, దానికో తీగ, తీగ చివర మెత్తని రబ్బరు మొన. ఆ మొనను చెవి రంధ్రంలో మెల్లగా ఆనిస్తుంది. మొన లోపల చిన్న స్పీకరు, చిన్న మైకు రెండూ ఉంటాయి. స్పీకరు టిక్కు టిక్కుమని సన్నని శబ్దాలు పంపుతుంది. బిడ్డ లేవదు, ఏడవదు. అన్నీ కుదిరితే నిమిషాల్లో పని అయిపోతుంది.

ఆ నిమిషాల్లో జరిగేది మాత్రం అద్భుతం. లోపలి చెవిలోని కాక్లియాలో వేల రోమకణాలు బారులు తీరి ఉంటాయి. శబ్దం తగలగానే బయటి వరుసల్లోని కణాలు సాగుతూ, కుంచించుకుంటూ ఆ శబ్దాన్ని పెద్దది చేస్తాయి. ఆ పని చేస్తూ తామే మరో సన్నని శబ్దం పుట్టిస్తాయి. అది వచ్చిన దారినే వెనక్కి వచ్చి మైకుకు అందుతుంది. బావిలోకి కేకేస్తే గోడలు ఆ కేకనే తిప్పి పంపుతాయి. చెవి అలా కాదు, విన్నాక తనదైన శబ్దంతో బదులిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చెవి శబ్దం చేస్తుందని 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ కనిపెట్టేదాకా ప్రపంచానికి రుజువు లేదు. మాట్లాడలేని, చెప్పింది చేయలేని, నిద్రలో ఉన్న పసికందు వినికిడిని ఆ పసికందునే అడిగి తెలుసుకునే మార్గం అలా దొరికింది. ఈ పరీక్షను ఓఏఈ అంటారు.

రెండో పరీక్ష పేరు ఏఏబీఆర్. నుదుటి మీద, మెడ వెనక, భుజం దగ్గర చిన్న స్టిక్కర్లు అంటించి, చెవిలో మెల్లని టిక్కు శబ్దాలు వినిపిస్తారు. చెవి నుంచి మెదడు దాకా నరం మీద సంకేతం నడుస్తోందో లేదో ఇది చూస్తుంది. కాక్లియా బాగుండి నరంలో లోపముంటే ఓఏఈ 'పాస్' అనేయవచ్చు. అందుకే నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్న పిల్లలకు ఏఏబీఆర్ తప్పనిసరి అంటారు వైద్యులు.

సౌదీ ఆరోగ్యశాఖ 2016లో నవజాత శిశువుల వినికిడి పరీక్షను, పుట్టుకతో వచ్చే తీవ్ర గుండెలోపాల పరీక్షను కలిపి జాతీయ కార్యక్రమంగా మొదలుపెట్టింది. అంతకుముందే కొన్ని ఆసుపత్రులు సొంతంగా చేస్తున్నాయి. పశ్చిమ సౌదీలో 1996 నుంచి 2004 వరకు దాదాపు పన్నెండు వేల మంది శిశువులకు ఓఏఈ చేసిన అనుభవాన్ని హబీబ్, అబ్దుల్ గఫార్ 2005లో ప్రచురించారు. వినికిడి లోపం తేలినవారు వెయ్యికి ఇద్దరికి కాస్త తక్కువ. ఇది చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. కానీ పుట్టగానే చూసే జబ్బుల్లో ఇంత తరచుగా కనిపించేవి కొద్దే.

'రిఫర్' అంటే చెవుడు కాదు

చీటీలో 'రిఫర్' కనబడగానే తల్లి గుండె జారిపోతుంది. కొందరు ఆ మాటే ఎవరికీ చెప్పకుండా చీటీని మడిచి పక్కన పెట్టేస్తారు. రెండూ వద్దు. 'రిఫర్' అంటే మళ్లీ చూడాలి అని. పుట్టిన మొదటి గంటల్లో చెవి రంధ్రంలో ఉమ్మనీరు, తెల్లని జిగురు మిగిలి ఉండవచ్చు. బిడ్డ కదిలి ఉండవచ్చు, గదిలో చప్పుడు ఉండి ఉండవచ్చు. మొదటిసారి 'రిఫర్' వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది రెండోసారి 'పాస్' అవుతారు. కాకపోతే ఎవరు ఆ ఎక్కువమంది, ఎవరు మిగిలిన కొద్దిమంది అన్నది రెండో పరీక్షే చెప్పాలి. ఇంకెవరూ చెప్పలేరు.

రెండో పరీక్షలోనూ తేడా కనిపిస్తే ఆడియాలజిస్టు దగ్గర పూర్తి పరీక్ష. ఎంత లోపం, ఏ చెవిలో, ఎక్కడ అన్నది అక్కడ తేలుతుంది. తర్వాత వినికిడి యంత్రం, అది చాలకపోతే కాక్లియర్ ఇంప్లాంట్, వాటితోపాటు స్పీచ్ థెరపీ. వీటన్నిటికీ ప్రపంచమంతా వైద్యులు పాటించే గడువు ఒకటుంది: నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు.

మన ఇళ్లలో ఈ గడువులను గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. బారసాల నాటికి చీటీ చేతిలో ఉండాలి. బాలింత పుట్టింటి నుంచి కదిలే మూడో నెలకల్లా నిర్ధారణ అయిపోవాలి. అన్నప్రాశన రోజుకి, అవసరమైన బిడ్డ చెవికి యంత్రం ఉండాలి. చెవులు కుట్టించడానికి ముహూర్తం వెతికే మనం, ఆ చెవులు వింటున్నాయో లేదో అంతకంటే చాలాముందే చూసుకోవాలి.

ఆరు నెలలే ఎందుకు? అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం 1998లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఆధారం. వినికిడి లోపం ఆరు నెలలలోపే తెలిసిన 72 మంది పిల్లలను, ఆ తర్వాత తెలిసిన 78 మందిని పోల్చారు. ముందుగా తెలిసినవారి భాష స్పష్టంగా మెరుగ్గా ఉంది. లోపం కొద్దిగా ఉన్నవారిలోనూ అంతే, తీవ్రంగా ఉన్నవారిలోనూ అంతే. చెవి ఎంత పోయిందన్నదానికంటే ఎప్పుడు తెలిసిందన్నది ఎక్కువ లెక్కకొచ్చింది. తల్లిదండ్రుల చేతిలో ఉన్నది కూడా ఆ 'ఎప్పుడు' ఒక్కటే.

ఇంట్లోవాళ్లకు ఎందుకు తెలియదు?

'మా వాడు ఊంగా ఊంగా అంటున్నాడు, వాడికేం?' అనే మాట ఎన్ని ఇళ్లలో వినిపిస్తుందో! పళ్లెం కింద పడేస్తే ఉలిక్కిపడ్డాడు, కాబట్టి వింటున్నాడు అన్నది మరో నమ్మకం. ఈ రెండూ ఇంటిల్లిపాదినీ నమ్మకంగా మోసం చేస్తాయి.

రెండు మూడు నెలల్లో బిడ్డ చేసే ఊంగారాలకు వినికిడితో పెద్దగా పని లేదు. ఏమీ వినపడని బిడ్డ కూడా ఊంగా అంటుంది, నవ్వుతుంది, గొంతు చేస్తుంది. తేడా బయటపడేది ఆ తర్వాత. వినపడే పిల్లలు ఆరో నెలనుంచి పదో నెలలోపు 'బబ్బబ్బ', 'తాతాతా' అని అక్షరాలు దొర్లిస్తారు. తీవ్రమైన లోపమున్న పిల్లల్లో ఇది పదకొండో నెలకో, ఇంకా చాలా ఆలస్యంగానో వస్తుందని ఓలర్, ఐలర్స్ 1988లో చూపించారు. తల్లిదండ్రులు ఆ ఆలస్యాన్ని గమనించి, కొన్నాళ్లు ఆగి చూద్దామనుకునేసరికి ఆరు నెలల గడువు ఎప్పుడో దాటిపోతుంది.

ఇక పళ్లెం సంగతి. పళ్లెం చప్పుడు చాలా పెద్దది. పైగా నేలమీద దాని అదురు తెలుస్తుంది, గాలి కదులుతుంది, కంటికి కనబడుతుంది. ఓ మాదిరి లోపమున్న బిడ్డ పళ్లేనికి ఉలిక్కిపడుతుంది, అమ్మ మాటలోని స, శ, త, క మాత్రం దానికి అందవు. తలుపు చప్పుడుకు తిరిగే పిల్ల రెండేళ్లకు కూడా మాటలు కలపలేకపోతే ఇంటిల్లిపాదీ 'వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి' అని సర్దిచెప్పుకుంటారు. ఆ సర్దుబాటు ఎంత ప్రేమగా చేసినా బిడ్డకు అన్యాయమే.

కాగితాల కట్టలో అట్టడుగున

సౌదీలో బిడ్డ పుట్టిన వెంటనే తండ్రి పరుగు మొదలవుతుంది. ఆసుపత్రి నుంచి జనన ధ్రువీకరణ, దాని తర్వాత ప్రభుత్వ జనన పత్రం, రియాద్‌లోని భారత రాయబార కార్యాలయమో జెడ్డాలోని కాన్సులేటో ఇచ్చే పాస్‌పోర్టు, బిడ్డకు ఇకామా అనే నివాస అనుమతి, ఊరు వెళ్లి రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ అనుమతి. ఒక్క కాగితం తగ్గినా విమానాశ్రయంలో ఆపేస్తారు. వినికిడి చీటీ లేదని ఎవరూ ఆపరు. అదే దాని దురదృష్టం. కట్టలో అట్టడుగుకు పోతుంది, లేదా ఆసుపత్రిలోనే ఉండిపోతుంది.

రెండో పరీక్షకు రమ్మన్న తేదీ వచ్చేసరికి తల్లీబిడ్డలు ఊళ్లో ఉంటారు. ఇటు చూసిన డాక్టరుకు అటు జరిగిన పరీక్ష తెలియదు. అటు ఫైల్లో 'రాలేదు' అని పడుతుంది. వినికిడి పరీక్షలు జరిగే దేశాలన్నిటా ఉన్న బలహీనత ఇదే: మొదటి పరీక్షలో 'రిఫర్' వచ్చినవారిలో కొందరు రెండోదానికి రారు. అమెరికా కూడా దీంతో ఏళ్ల తరబడి తంటాలు పడుతోంది. ఒకే ఊళ్లో ఉన్నవారికే ఇలా ఉంటే మధ్యలో అరేబియా సముద్రం ఉన్నవారి సంగతి చెప్పాలా?

కుటుంబాలు విడిపోవడానికి డబ్బు లెక్క కూడా ఉంది. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టింది. ఏడాదికి వంద చొప్పున పెంచుతూ 2020 నాటికి 400కు తెచ్చింది. భార్యాబిడ్డలిద్దరికి ఏడాదికి 9,600 రియాళ్లు, అంటే రెండు లక్షల రూపాయలు దాటుతుంది. మధ్యతరగతి జీతగాళ్లు ఎందరో ఆ లెక్క చూసుకుని భార్యాబిడ్డలను ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే తిరిగి రానవసరం లేకుండా, ఇంటికి పంపారు. ఇక క్యాంపుల్లో ఉండే కూలీలకు, డ్రైవర్లకు కుటుంబాన్ని తెచ్చుకునే అవకాశమే తక్కువ. వారి బిడ్డలు జగిత్యాలలోనో రాయచోటిలోనో పుడతారు, వారి వినికిడి పరీక్ష అక్కడి ఆసుపత్రి మీద ఆధారపడి ఉంటుంది.

కుటుంబాలు ఇలా విడిగా బతకడం వెనకటి సంగతులు ఒక్క గుక్కలో: 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పనులు పుట్టాయి. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అన్న మాట కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో స్థిరపడింది. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి మగవాళ్లతోపాటు ఇంటిపనికి ఆడవాళ్లూ వెళ్లారు. క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి ఊరికి పంపిన కాలం పోయి ఫోన్ కార్డులొచ్చాయి. 2013లో స్థానికులకు ఉద్యోగాల కోటా పెట్టిన నితాకాత్ నిబంధనల ఒత్తిడికి వేలమంది తిరిగొచ్చారు. 2017 సెప్టెంబర్‌లో సౌదీ ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలు సడలించింది. అదే దశాబ్దంలో, 2013లో, మన దేశంలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలై, పుట్టుకతో వచ్చే చెవుడును తను చూసే ముప్పై లోపాల్లో చేర్చింది.

తండ్రి గొంతు చోటు సంపాదించుకోవాలి

చెవి బాగుందని తేలింది. ఇక భాష దానంతట అదే వస్తుందా? రాదు. అక్కడే రెండో సగం మొదలవుతుంది.

కడుపులో ఆరో నెల నుంచే బిడ్డ వింటుంది. స్పష్టమైన అక్షరాలు కాదు, అమ్మ మాటలోని ఊపు, ఎత్తుపల్లాలు. 1980లో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ పుట్టిన మూడు రోజులలోపు పిల్లలకు పాలపీక ఇచ్చి, చప్పరించే తీరును బట్టి అమ్మ గొంతో పరాయి స్త్రీ గొంతో వినిపించేలా ఏర్పాటు చేశారు. పిల్లలు అమ్మ గొంతు వచ్చేలా చప్పరించడం నేర్చుకున్నారు. నాలుగేళ్ల తర్వాత డికాస్పర్, ప్రెస్కాట్ అదే పరీక్ష తండ్రి గొంతుతో చేశారు. ఇద్దరు మగవాళ్ల గొంతుల తేడా పసికందులు గుర్తుపట్టారు, కానీ తండ్రిదే కావాలని కోరుకోలేదు.

గల్ఫ్‌లో ఉన్న తండ్రులు ఈ మాట విని కుంగిపోనక్కర్లేదు. అమ్మ గొంతు తొమ్మిది నెలలు ముందుగా బయల్దేరింది, అంతే. నాన్న గొంతు రోజూ పలకరించి చోటు సంపాదించుకోవాలి.

ఎలా పలకరించాలన్నదానికి 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం చేసిన ప్రయోగం దారి చూపుతుంది. తొమ్మిది నెలల అమెరికా పిల్లల ఎదుట చైనీస్ మాట్లాడేవారు కూర్చుని ఆడించారు, పుస్తకాలు చదివారు. ఒక్కోసారి 25 నిమిషాలు, అలా 12 సార్లు. పిల్లలు చైనీస్ ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. అవే మాటలు, అదే మనిషి, అంతే సమయం వీడియోలో చూపించిన పిల్లలు ఏమీ పట్టుకోలేదు. ధ్వని ఒక్కటే ఉంటే చాలదు. తను 'ఆ' అంటే ఎదుటివాళ్లు 'ఆ' అనాలి. తను చూసినవైపు వాళ్లూ చూడాలి. బొమ్మలు ఆడిపోయే ఫోనును ఉయ్యాల దగ్గర పెట్టి, మాటలు నేర్పే వీడియోలని ధైర్యం చెప్పుకునేవారు ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి. ఆ వీడియోల మీద నాకు నమ్మకం లేదు.

మరి తండ్రి వీడియో కాల్ కూడా తెరే కదా? తెరే, కానీ బదులిచ్చే తెర. 2014లో రోజ్‌బెరీ, హర్ష్ పాసెక్, గోలింకాఫ్ రెండేళ్లు దాటిన పిల్లలకు కొత్త క్రియాపదాలు నేర్పారు. ఎదురుగా ఉన్న మనిషి నుంచి నేర్చుకున్నట్టే, లైవ్ వీడియో కాల్‌లో ఉన్న మనిషి నుంచీ నేర్చుకున్నారు. ముందే రికార్డు చేసిన వీడియో నుంచి నేర్చుకోలేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో పద్దెనిమిది నెలలలోపు పిల్లలకు తెరలు వద్దంటూనే వీడియో కాల్‌ను ఆ నిషేధం నుంచి మినహాయించింది. వాట్సాప్‌లోనో ఐఎంఓలోనో ముఖం చూపించే నాన్న బొమ్మల వీడియోలాంటివాడు కాదన్న సంగతి వైద్యులే ఒప్పుకున్నారు.

కష్టం ఏమిటంటే వేళ కుదరడం. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. దమ్మాంలో ఆరింటికి డ్యూటీ దిగి, బస్సెక్కి, స్నానం చేసి ఫోను పట్టుకునేసరికి నిర్మల్‌లో తొమ్మిది దాటుతుంది. బిడ్డ నిద్రపోయి ఉంటుంది. నిద్రపోతున్న బిడ్డను చూడటం తండ్రి కళ్లకు హాయి, బిడ్డ చెవికి మాత్రం ఏమీ అందదు. ఎండాకాలంలో ఓ దారి ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని సౌదీ నిబంధన. అప్పుడు మనకు రెండున్నర నుంచి అయిదున్నర. మధ్యాహ్నం కునుకు తీసి లేచి, కడుపు నిండి, ఆటకు సిద్ధంగా ఉండే వేళ అది. అందరికీ ఆ విరామంలో ఫోను చేసే వీలుండదు. వీలున్నవారు అందులో పది నిమిషాలు బిడ్డకే ఇవ్వాలి. మిగతా రోజుల్లో శుక్రవారం సెలవు ఉంది.

ఆ పది నిమిషాలు ఎలా గడపాలి? ఫోను బిడ్డ ముఖానికి ఎదురుగా ఉండాలి, పక్కన టీవీ ఆపేయాలి. బిడ్డ ఏదో గొంతు చేస్తుంది, ఆగండి, అదే గొంతు మీరూ చేయండి. మళ్లీ తను చేసేదాకా వేచి ఉండండి. నెట్ ఆలస్యం వల్ల మీ బదులు అర క్షణం వెనకబడవచ్చు, తొందరపడి మాట మీద మాట వేయకండి. నాయనమ్మ పక్కన కూర్చుని 'అదిగో బాపు, బాపు చూడు' అంటూ బిడ్డ చూపును తెరవైపు తిప్పాలి. డబ్బు పంపిన సంగతి, పొలం తగాదా తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇన్ని భాషలు కలగాపులగమైతే?

సంపాదకులడిగిన ప్రశ్న ఇదే. జవాబు ధైర్యమిచ్చేదే. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లిష్ ఇళ్లలోని పిల్లలకు హిందీలోని 'త', 'ట' వినిపించారు. ఆరేడు నెలల పిల్లలు ఆ తేడా తేలిగ్గా పట్టుకున్నారు. ఏడాది నిండేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు, వారి ఇళ్లలో ఆ తేడాతో పని లేదు కాబట్టి. రియాద్‌లో పెరిగే తెలుగు బిడ్డ త, ట తేడాను నిలుపుకోవాలంటే ఇంట్లో తెలుగు నోరారా వినపడాలి. బయటి అరబ్బీ గొంతు అక్షరాలు కూడా చెవిన పడితే లాభమే. 2010లో బయర్స్ హైన్‌లైన్, బర్న్స్, వెర్కర్ వాంకూవర్‌లో ఫిలిప్పీన్స్ భాష తగలోగ్, ఇంగ్లిష్ రెండూ మాట్లాడే తల్లుల నవజాత శిశువులను పరీక్షించారు. ఆ పిల్లలు రెండు భాషలపైనా ఆసక్తి చూపారు, రెంటినీ వేర్వేరుగా గుర్తించారు. రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందని తెలుగు మానేసే తల్లిదండ్రులు ఆ భయం వదులుకోవచ్చు. మాట నిజంగా ఆలస్యమైతే నెపం భాషల మీదికి నెట్టకుండా చెవి పరీక్షకు తీసుకెళ్లాలి.

మేనరికం మాట

పుట్టు చెవుడు విషయంలో సౌదీకీ మనకూ ఒక పోలిక ఉంది. 1995లో ఎల్ హజ్మీ బృందం లెక్కలో సౌదీ పెళ్లిళ్లలో సగానికిపైగా, 57.7 శాతం, రక్తసంబంధీకుల మధ్యే. మన ఇళ్లలో మేనమామ, మేనబావ సంబంధాలు తగ్గినా పోలేదు. రెండువైపులా ఒకే పూర్వీకుల నుంచి ఒకే లోపమున్న జన్యువు వస్తే బిడ్డకు పుట్టు చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. సౌదీలో 2004 నుంచి పెళ్లికి ముందు రక్తపరీక్ష తప్పనిసరి, కానీ అది సికిల్ సెల్, తలసేమియాల కోసం మొదలైంది, చెవుడు కోసం కాదు. మేనరికం చేసుకున్న జంటను నిందించడం వల్ల ఒక్క బిడ్డకూ మేలు జరగదు. ఆ జంట బిడ్డకు 'పాస్' వచ్చినా ఏడాది లోపు మరోసారి పరీక్ష చేయిస్తే జరుగుతుంది. కొన్ని లోపాలు పుట్టాక మెల్లగా పెరుగుతాయి.

▪ నెలలవారీగా చూడవలసినవి

పుట్టగానే: పెద్ద చప్పుడుకు ఉలికిపాటు. అమ్మ గొంతుకు ఏడుపు తగ్గడం.
3 నెలలు: ఊంగారాలు, పలకరిస్తే నవ్వు.
6 నెలలు: కనపడని చప్పుడువైపు తల తిప్పడం.
9 నెలలు: 'బబ్బబ్బ', 'తాతాతా'. పేరు పిలిస్తే చూడటం.
12 నెలలు: ఒకటి రెండు మాటలు, 'టాటా చెప్పు' అంటే చేయి ఊపడం.
24 నెలలు: 'అమ్మ రా', 'పాలు ఇవ్వు' వంటి రెండు మాటల కలయిక.
వీటిలో ఏది ఆగినా, వచ్చిన మాట పోయినా, ఆడియాలజిస్టును కలవాలి.

▪ చెవిలో నూనె వద్దు

స్నానం ముందు పసిబిడ్డ చెవిలో నూనె చుక్కలు వేయడం, తర్వాత నోటితో ఊదడం మానేయాలి. ఇన్‌ఫెక్షన్ రావచ్చు. పుల్ల, పిన్ను, ఇయర్ బడ్ లోపల పెట్టకూడదు. తీవ్రమైన పసిరికలు, మెదడువాపు, ఐసీయూలో రోజుల తరబడి ఉండటం, ఇంట్లో చిన్నప్పటి నుంచి చెవుడు ఉన్నవారు ఉండటం: వీటిలో ఏదున్నా డాక్టరుకు ముందే చెప్పాలి.

▪ ఊరొచ్చాక ఎక్కడికి?

జిల్లా ఆసుపత్రుల్లోని ముందస్తు గుర్తింపు కేంద్రాన్ని డైస్ అంటే చెబుతారు, అక్కడ మొదలుపెట్టవచ్చు. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆరోగ్యశ్రీ కింద, కేంద్రం అడిప్ పథకం కింద కాక్లియర్ ఇంప్లాంట్‌కు సాయముంది. రెంటికీ వయసు పరిమితి ఉంటుంది, ఆలస్యం చేస్తే అర్హత పోతుంది. సౌదీలోనే ఉండేవారికి రియాద్‌లో కింగ్ అబ్దుల్లా చెవి ప్రత్యేక కేంద్రం, జెడ్డాలో జిష్ సంస్థ ఉన్నాయి. యంత్రాలు, ఇంప్లాంట్లు అక్కరకు రాకపోతే సంజ్ఞాభాష ఉంది, అదీ పూర్తి భాషే. చెవిటి తల్లిదండ్రుల సంజ్ఞలు చూస్తూ పెరిగే పిల్లలు చేతులతోనే 'బబ్బబ్బ' అంటారని పెటిట్టో, మారెంటెట్ 1991లో చూపారు. యంత్రంతో ఫలితం రాని బిడ్డకు భాష లేకుండా చేయకూడదు.

ఎవరేం చేయాలి

ఇంత పెద్ద విషయానికి కావలసిన పరిష్కారం చాలా చిన్నది. బిడ్డ డిశ్చార్జి రోజున తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న అడగాలి: 'వినికిడి పరీక్ష అయిందా, రెండు చెవుల ఫలితం కాగితం మీద ఇస్తారా?' ఇచ్చిన కాగితాన్ని ఫోటో తీసి అమ్మమ్మకూ నాయనమ్మకూ పంపాలి. టీకాల కార్డుకు పిన్ను చేయాలి. 'రిఫర్' అని ఉంటే, వీలైతే రెండో పరీక్ష అయ్యాకే టికెట్ తీసుకోవాలి. వీలుకాకపోతే ఊరు చేరిన వారంలోనే ఇక్కడ చేయించాలి.

సౌదీలోని తెలుగు సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ వందలమందిని ఒకచోట చేర్చగలవు. కొత్తగా పుట్టిన బిడ్డల తల్లిదండ్రులకు ఈ ప్రశ్న గుర్తుచేయడం వారికి పెద్ద పని కాదు. పాస్‌పోర్టు దరఖాస్తుకు కావలసిన కాగితాల జాబితా పక్కన 'వినికిడి ఫలితం వెంట తీసుకెళ్లండి' అని ఒక్క వాక్యం రాస్తే రాయబార కార్యాలయానికి ఖర్చేమీ కాదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలిస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ముందుకొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసుల కోసం ఏపీఎన్ఆర్‌టీ పనిచేస్తోంది. చనిపోయినవారి కుటుంబాలను గుర్తుపెట్టుకున్న ప్రభుత్వాలు, పుట్టినవారినీ గుర్తుపెట్టుకోవాలి. గల్ఫ్ నుంచి వచ్చిన బాలింత ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లినప్పుడు టీకాల కార్డుతోపాటు ఈ ఫలితమూ అడగాలి. లేదంటే జిల్లా ఆసుపత్రిలోని ముందస్తు గుర్తింపు కేంద్రానికి పంపాలి.

ఈ వారపు అనుబంధం చదువుతున్న ఇళ్లలో సౌదీలో కొడుకో కూతురో ఉన్నవారు ఉంటారు, ఆ కొడుకుకో కూతురికో ఆరు నెలలలోపు బిడ్డ ఉంటుంది. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు బిడ్డ బరువెంత, పాలు బాగా తాగుతోందా అని అడుగుతారు. వాటితోపాటు చెవి పరీక్షలో ఏమొచ్చిందో కూడా అడగండి. సమాధానం తెలియదంటే, తెలిసేదాకా ప్రతి ఫోనులో అడుగుతూనే ఉండండి.